బాగున్నవాళ్ళ వార్డు

ఆస్పత్రిలో చేర్చుకోమని బతిమాలుకునే రోగులను చాలామందిని చూశాను. కానీ ‘నాకు ఏ జబ్బూ లేదు, కాబట్టి చేర్చుకోండి’ అని వరసలో నిలబడ్డవాళ్ళను ఒక్కసారే చూశాను. ఆ వరసలో నేనూ ఉన్నాను. నా వెనక మా బావ ఉన్నాడు.

బావ అంటే చుట్టరికం కాదు. నేను ఆత్మకూరు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాను. ఆయనది ఉదయగిరి కొండ కింద ఒక పల్లె. గొర్రెలూ మేకలూ మేపుకునే కుటుంబం. ఎన్నో ఏళ్ళ కిందట ఒక సాయంత్రం ఉదయగిరి బస్సులో దుప్పటి మూట ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు కదిలేముందు నేను ఎక్కి చూస్తూ, మూటలో ఏముందని అడిగితే “చంటిబిడ్డ. నిద్రపోతుండాది” అన్నాడు. అంతలో బిడ్డ ‘మే’ అని అరిచింది. బస్సంతా నవ్వింది. దించేస్తానేమోనని నా చెయ్యి పట్టుకుని, “పోనీ అర టిక్కెట్టు కొట్టించు బావా” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు నేను బావను, నాకు ఆయన బావ. మాది చర్చికి వెళ్ళే ఇల్లు, వాళ్ళది గంగమ్మకు మొక్కే ఇల్లు. అయినా ఆ వరస ఇప్పటిదాకా చెడలేదు.

డైరీ రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఏ రోజు ఏం జరిగిందో మర్నాడు పొద్దునే కూర్చుని రాస్తాను. ఇప్పుడు రాసేది కూడా ఆ డైరీలు పక్కన పెట్టుకునే రాస్తున్నాను. మా బావ మాటలకు మాత్రం డైరీ తెరవాల్సిన పని లేదు. అవి చెవిలోనే ఉన్నాయి.

ఆ ఏడాది బావ దిగులుగా ఉండేవాడు. కొండ మీద ఒక మొండి మేక వెనక పరిగెత్తి జారిపడ్డాడు. కాలు బెణికింది, వారంలో తగ్గింది. కానీ ఆయన కొడుకు భయపడ్డాడు. మంచి పిల్లవాడే, తండ్రి అంటే ప్రాణం. ఆ ప్రేమతోనే జీవాలకు ఒక మనిషిని జీతానికి పెట్టి, తండ్రిని ఇంటి పట్టున ఉండమన్నాడు.

“ఇంటి ముందర మంచం ఏసి కూర్చోబెట్టినాడు బావా,” అని నా దగ్గర వాపోయాడు. “పొద్దున్నే నా మంద నా ముందర్నే పోతాది. ఆ జీతగాడికి ఈల కూడా సరిగ్గా రాదు. గొర్రెలు నా వైపు తిరిగి చూస్తాయి. ‘నువ్వు రావా?’ అన్నట్టు. నేనేంది, రోగమొచ్చినోడినా?”

“వయసొచ్చింది గదా బావా.”

“నీకు రాలేదా? నువ్వు పొద్దున్నే సంగం రోడ్డు మీద నడుస్తుండావు. నిన్ను ఎవురన్నా మంచానికి కట్టేసినారా?”



ఆ రోజుల్లోనే మా రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళు ఒక సమావేశం పెట్టారు. నెల్లూరు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఓపికగా మాట్లాడే మనిషి. పెద్దవాళ్ళకు ఎముకలు గుల్లబారిపోకుండా ఒక కొత్త ఇంజెక్షను తయారవుతోందని చెప్పింది. జంతువుల మీద చూశారు, పడుచువాళ్ళ మీద చూశారు. ఇప్పుడు అరవై దాటి ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందికి ఇచ్చి చూడాలి. మందు పనిచేస్తుందా లేదా అన్నది తర్వాతి మాట, ముందు అది మనిషి ఒంటికి పడుతుందో లేదో చూడాలి. జ్వరం రావచ్చు, చెయ్యి వాయవచ్చు, మాకు ఇంకా తెలియనిది ఏదైనా జరగవచ్చు అని దాచకుండా చెప్పింది. ఆ మాటతో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి.

బావ ఆ రోజు సంతకు వచ్చి, నా కోసం అక్కడికి వచ్చి, వెనక నిలబడి వింటున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

“అమ్మా, ఒంట్లో బాగుండేవాళ్ళనే తీసుకుంటారా?”

“అవునండీ.”

“బాగుండాడని ఎవురు చెప్తారు?”

“మేమే పరీక్షలన్నీ చేసి చెప్తాం.”

“నెల్లూరు డాక్టర్లే చెప్తారా?”

“అవునండీ, మేమే.”

బావ ముఖం వెలిగిపోయింది. నా భుజం మీద చెయ్యి వేసి, “పా బావా, పోదాం” అన్నాడు. ఎక్కడికని అడిగితే, “ఆస్పత్రికి” అన్నాడు.

ఇంటికి వెళ్ళి కొడుకుతో చెప్పాడట. కొడుకు ముందు తిట్టాడు, తర్వాత నవ్వాడు. ఆఖరికి, “సరే నాయనా. నువ్వు బాగుండావని నెల్లూరు డాక్టర్లు చెప్పి, ఆ సూది ఏసినాక కూడా ఏ నలతా లేకుండా అన్ని రోజులూ గట్టెక్కితే, జీవాల్ని నీకే ఇచ్చేస్తా. మధ్యలో పంపించేసినారంటే మాత్రం మళ్ళా కొండ మాట ఎత్తకూడదు” అన్నాడట. బావ ఒప్పుకున్నాడు. ఇద్దరూ చేతులు కలిపారు. నన్ను సాక్షిగా ఉండమని ఫోనులో అడిగారు. ఉంటానన్నాను.

నేనెందుకు వెళ్ళానంటే, నిజానికి ఆయన ఒక్కడే వెళ్తాడని ఊరుకోలేక వెళ్ళాను. తీరా వెళ్ళాక నాకూ పంతం పట్టుకుంది. పరీక్షల రోజు నెల్లూరు ఆస్పత్రి వరండాలో ఉన్న ముసలివాళ్ళందరిదీ అదే వరస. రక్తం, మూత్రం, గుండె, ఊపిరి. ఒక్కో పరీక్ష నుంచి బయటికి వచ్చేవాణ్ణి మిగతావాళ్ళు పదో తరగతి ఫలితాలు అడిగినట్టు అడిగేవాళ్ళు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన షుగరు ఉందని బయటపడ్డాడు. “నలభై ఏళ్ళు అందర్నీ ఫెయిల్ చేసినాను, ఇయ్యాల నన్ను చేసినారు” అని తానే నవ్వి, అందరికీ టీ తెప్పించి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. మాకు టీ తాగే యోగం లేదు. ఏమీ తినకుండా తాగకుండా ఉండమన్నారు.

బావ గుండె పరీక్షలో చక్కిలిగిలికి కదిలిపోతుంటే మూడోసారికి గానీ గీతలు సరిగ్గా రాలేదు. వచ్చాక డాక్టరమ్మ కాగితం చూసి, “మీ గుండె చాలా బాగుంది తాతా” అంది.

“ఇంకొకసారి చెప్పు తల్లీ. ఫోనులో మావోడు ఉండాడు” అన్నాడు బావ.

ఒప్పుకోలు చెప్పేటప్పుడు వీడియో తీశారు. అది నియమమట. అన్నీ చదివి వినిపించి, మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అని అడిగింది డాక్టరమ్మ. బావ చొక్కా సర్దుకుని, ఫొటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

“నాకు జబ్బు లేదు. ఈ మందుతో నాకు ఒరిగేది కూడా ఏమీ లేదు. రేపు ఎవురికో పనికొస్తాదో లేదో చూసేదానికి నాకు ఏస్తుండారు. ముందు మా ఇద్దరికే ఏస్తారు. ఒకరికి మందు, ఒకరికి వట్టి ఉప్పునీళ్ళు. ఎవురికి ఏదో మీకూ తెలీదు, మాకూ తెలీదు. మేం బాగుంటే మర్నాడు మిగతావాళ్ళకి ఏస్తారు. వంక దాటేటప్పుడు మేం కూడా అంతే, ముందు ఒకటి రెండు దిగి చూసినాకనే మందని దించేది. ఇష్టం లేకపోతే ఎప్పుడన్నా లేసి పోవచ్చు. అంతేనా?”

“అంతే తాతా,” అంది ఆమె. వీడియో తీసే అబ్బాయి కూడా తల ఊపాడు.

అలా మేమిద్దరం ఆ వార్డులో చేరాం. తెల్లటి పక్కలు, పెద్ద కిటికీలు, ఒక్కరికీ దగ్గు లేదు. మా తర్వాత సూది వేయించుకోవాల్సిన వాళ్ళు నలుగురైదుగురు పక్క మంచాల మీద పేకముక్కలు లేకుండానే పేకాట కబుర్లు చెప్పుకుంటున్నారు. నిబంధనలు నర్సు చెప్పింది. ఆ అమ్మాయిది అనంతసాగరం దగ్గర పల్లె. వాళ్ళు పెట్టిందే తినాలి, పెట్టినంతా తినాలి. బయట తిండి వద్దు. ఆకువక్క వద్దు. సూది వేసినచోట గోకకూడదు, ఏమీ పూయకూడదు. నిబంధన తప్పినవాళ్ళను ఇంటికి పంపించేస్తారు.

“ఆకువక్క లేకుండా ఎట్టా తల్లీ?” అన్నాడు బావ.

“నోరు ఊరికే ఉంచుకోండి తాతా.”

“అది మా బావ వల్ల కాదు” అన్నాను నేను. అందరూ నవ్వారు.

పొద్దున ఇద్దరికీ జబ్బకు సూది వేశారు. వేసినచోట చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత గీశారు. ఎరుపు వస్తే ఎంత దూరం పాకిందో కొలవడానికి. తర్వాత గంటగంటకూ వచ్చి జ్వరం, రక్తపోటు, ఆ గీత లోపలి చర్మం చూసి రాసుకున్నారు. నాకు ఇంత శ్రద్ధగా రాసుకునేవాళ్ళంటే గౌరవం. నా జబ్బ మామూలుగా ఉంది. బావకు గీత మధ్యలో చిన్న ఉబ్బు వచ్చింది, దోమ కుట్టినంత. అది మామూలేనని చెప్పారు.

మధ్యాహ్నం దాటాక పరామర్శలు మొదలయ్యాయి.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారంటే చూసి రావాలి. రాకపోతే జన్మంతా మాట పడాలి. రోగం లేకుండా ఆస్పత్రిలో చేరినవాళ్ళ విషయంలో ఏం చేయాలో ఆ మర్యాదలో ఎక్కడా లేదు. కాబట్టి అందరూ మామూలుగానే వచ్చారు. నా భార్య, మా పాస్టరుగారు, ప్రార్థన గుంపులోని ఆడవాళ్ళు ఒక ఆటో నిండా వచ్చారు. బ్రెడ్డు, యాపిల్ పళ్ళు, హార్లిక్స్ సీసా తెచ్చారు. అన్నీ నర్సు బల్ల మీద ఉండిపోయాయి. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి, “ప్రభువా, ఈ వ్యాధిగ్రస్తుణ్ణి...” అని మొదలుపెట్టి ఆగిపోయారు.

“వ్యాధి లేదయ్యగారూ,” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “ప్రభువా, ఈ ఆరోగ్యవంతుణ్ణి ఇట్లాగే ఉంచుము” అన్నారు. ఆడవాళ్ళందరూ ఆమేన్ అన్నారు. వాళ్ళలో ఒకామె మాత్రం నా చెవిలో, “ఏం దాచొద్దు నాయనా, డాక్టర్లు నిజంగా ఏం చెప్పినారు?” అని అడిగింది.

ఈ సందడిలో నేను బావ వైపు చూడలేదు. ఆయన్ని చూడటానికి వాళ్ళ అక్క వచ్చింది. ఎనభై దాటిన మనిషి, బావను చిన్నప్పుడు చంకనేసుకుని పెంచింది. హాలు మూల బల్ల మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం కనిపించింది. చీకటి పడకముందే అందరూ వెళ్ళిపోయారు.

దీపాలు వేసే వేళకు నర్సు మళ్ళీ వచ్చింది. నాది చూసి రాసుకుంది. బావ చొక్కా చెయ్యి పైకి జరిపి, అలాగే ఆగిపోయింది. గీత లోపల, గీత దాటి, జబ్బ సగం దాకా ఎర్రగా ఉంది. ఇటుక రంగు ఎరుపు.

క్షణంలో డాక్టరమ్మ వచ్చింది. జ్వరం చూసింది, నొప్పి ఉందా అని అడిగింది, స్కేలు పెట్టి కొలిచింది, ఫొటోలు తీసింది. “తాతా, గోకారా? ఏమైనా పూశారా?”

బావ పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ, “లేదు తల్లీ” అన్నాడు.

ఆమె ఫోనులో ఎవరెవరితోనో మాట్లాడింది. తర్వాత మిగతా మంచాల వాళ్ళ దగ్గరికి వెళ్ళి, రేపు మీకు ఇంజెక్షన్లు లేవు, ఈ ఎరుపు సంగతి తేలేదాకా ఎవరికీ ఇవ్వం, అసలు ఇస్తామో లేదో కూడా ఇప్పుడు చెప్పలేం అంది. వార్డులో కబుర్లు ఆగిపోయాయి.

పోయి బావ పక్కన కూర్చున్నాను. “నొప్పిగా ఉందా బావా?”

“నొప్పి లేదు. పక్కకి రా.” చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. “అక్క పూసింది.”

“ఏం పూసింది?”

“పసుపూ సున్నం.”

దెబ్బ తగిలినా, వాపు వచ్చినా, బెణికినా మా ఇళ్ళలో ముందు పడేది అదే. పసుపు సున్నంతో కలిస్తే ఎర్రగా మారుతుందని మా వైపు ఎరగనివాళ్ళు లేరు. తమ్ముడికి సూది వేశారని విని ఆమె ఇంటి దగ్గరే పసుపు పొట్లం కట్టుకుని బయలుదేరింది. సున్నం డబ్బీ ఎలాగూ ఆమె రొంటినే ఉంటుంది. ఆ చిన్న ఉబ్బు చూసి అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళతో కలిపి పట్టించింది. ఆరాక తనే చీరకొంగుతో దులిపేసి వెళ్ళింది.

“వద్దని చెప్పొచ్చు గదా బావా!”

“అక్కకా? నువ్వు చెప్పి చూడు. నాకు అరవై ఏళ్ళ నుంచీ కుదర్లా.”

“అయితే ఇప్పుడు డాక్టరమ్మకి చెప్పు.”

“చెప్తే పంపించేస్తారు. పంపించేసినారంటే మావోడు కొండ మాట ఎత్తనియ్యడు. నా జీవాలు పోయినట్టే.” చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. “చెప్పకపోతే అదే పోతాది గదా ఎరుపు. రెండు రోజుల్లో.”

పోగొట్టుకునేది ఆయన. ఆయన్ని తొందరపెట్టే హక్కు నాకుందని అనిపించలేదు. ఆయన కాసేపు మిగతా మంచాల వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఒక పెద్దాయన సంచి సర్దుకుంటున్నాడు, ఇంక ఇంటికే గదా అన్నట్టు.

“మా కొండ మీద ఒక పక్క మంచి గడ్డి ఉండేది,” అన్నాడు బావ. “ఆడ మేసి ఒక గొర్రె చచ్చిందని ఎవురో అన్నారు. పాము కరిచి చచ్చింది అది. అయినా ఒకసారి మాట పడినాక ఎవురూ మందని అటు తోలలా. అంత గడ్డీ ఎండిపోయింది.” లేచి నిలబడ్డాడు. “ఆ బెల్లు యాడుండాది బావా?”

బెల్లు కొట్టాడు. డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. “ఏమైంది తాతా? ఊపిరి ఆడుతోందా?”

“ఆడుతుండాది తల్లీ. నీతో అబద్ధం చెప్పినా. మందుది తప్పేమీ లేదు. మా అక్క పసుపూ సున్నం పూసింది.”

ఆమె ఆయన ముఖం చూసింది, చెయ్యి చూసింది. నర్సు స్పిరిటు దూది అందించింది. గీత మీదుగా మెల్లగా తుడిస్తే దూది రంగు మారింది, కింద మా బావ సహజమైన చామనఛాయ బయటపడింది. మధ్యలో దోమ కుట్టినంత ఉబ్బు. అది కూడా పొద్దుటికంటే చిన్నగా ఉంది. డాక్టరమ్మ గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నర్సు మాత్రం తల పట్టుకుంది. “మా అమ్మమ్మ నాకు ఇదే పూసేది మేడమ్! నాకెట్టా తట్టలేదు!”

వార్డు వార్డంతా పగలబడి నవ్వింది. సంచి సర్దుకున్న పెద్దాయన మళ్ళీ విప్పాడు.

నవ్వు ఆగాక డాక్టరమ్మ బావ పక్కన కూర్చుంది. “చెప్పడం చాలా మంచిదైంది తాతా. మీరు చెప్పకపోతే ఈ మందు ఇక్కడే ఆగిపోయేదేమో. కానీ జరిగింది జరిగినట్టు నేను పైవాళ్ళకు రాయాలి. మిమ్మల్ని ఉంచుతారో పంపుతారో నా చేతిలో లేదు.”

“రాయి తల్లీ. జరిగింది జరిగినట్టు రాయి,” అన్నాడు బావ.

తెల్లవారి లేచేసరికి బావ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎందుకంటే, “పొమ్మన్నాక సర్దుకునేది మర్యాదగా ఉండదు” అన్నాడు. టిఫిను పెట్టినా సంచి దించలేదు. నేను మాట్లాడించబోతే తల ఊపాడంతే.

ఎండ కిటికీలోకి వచ్చే వేళకు డాక్టరమ్మ వచ్చింది. ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

“ఉండొచ్చు తాతా. చెయ్యి ఇంకొక రోజు ఎక్కువ చూస్తాం, మిగతావాళ్ళకు రేపు మొదలుపెడతాం. ఒక్క షరతు. మీ అక్కగారు లోపలికి రాకూడదు.”

“ఆ మాట నువ్వే ఆమెకి చెప్పు తల్లీ. నాకు అంత ధైర్యం లేదు.”

ఆ తర్వాతి రోజులు నాకు పండగలా గడిచాయి. రోగం లేనివాళ్ళు, పని లేనివాళ్ళు, వేళకు తిండి పెట్టేవాళ్ళు ఉన్నవాళ్ళు ఒకచోట చేరితే ఎలా ఉంటుందో చూడాలి. బావను అందరూ ‘ఎర్రచెయ్యి’ అని పిలిచారు. ఎవరికి మందు పడింది, ఎవరికి ఉప్పునీళ్ళు పడ్డాయి అని రోజూ వాదన. “నీకు నీళ్ళే బావా, చూడు ఎట్టా చప్పగా ఉండావో” అనేవాడు నన్ను. వరండాలో నడకకు పోతే ఆయన నన్ను దాటిపోయి, చివర నిలబడి, వెనకబడ్డ గొర్రెను పిలిచినట్టు ఈల వేసేవాడు. నేను వెళ్ళేవాణ్ణి. ఏం చేస్తాం.

ఇళ్ళకు వచ్చాక కూడా కొన్నాళ్ళు పరీక్షలకు నెల్లూరు వెళ్ళి వచ్చాం. ఆఖరిసారి కొడుకు కూడా వెంట వచ్చాడు. పసుపు సున్నం కథ అప్పటికే బావ వాడికి తానే చెప్పేశాడు. పంపించేస్తారని తెలిసీ బెల్లు కొట్టాడని చెప్పింది మాత్రం నేను. వాడు బస్సులో తన సీటు వదిలి పోయి తండ్రి పక్కన కూర్చున్నాడు.

డాక్టరమ్మ వాడితో నిక్కచ్చిగా మాట్లాడింది. “మేము చేసిన పరీక్షల్లో మీ నాన్నగారు బాగున్నారు. ఇంజెక్షను వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. కొండ ఎక్కమని నేను రాసివ్వను, అది మా పరీక్ష కాదు. కానీ ఎక్కొద్దు అనడానికి కూడా నాకేమీ కనిపించలేదు. ఎండ ముదిరేలోపు రమ్మనండి, నీళ్ళు పట్టుకెళ్ళమనండి.”

వారం తర్వాత, సాక్షిని గదా, మాట నిలబెట్టుకుంటాడో లేదో చూద్దామని తొలి బస్సుకు ఆత్మకూరు నుంచి బయలుదేరాను. నేను చేరేసరికి పల్లెలో పొయ్యిల పొగ ఇంకా పలచబడలేదు. దొడ్డి దగ్గర తండ్రీ కొడుకులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. కొడుకు తడికకు చెయ్యి అడ్డం పెట్టి షరతులు చెబుతున్నాడు.

“సగం జీవాలే తోలుకుపో నాయనా. మిగతా సగం జీతగాడు తోలతాడు.”

“సరే.”

“మధ్యాన్నానికి ఇంటికొచ్చేయాల.”

“సరే రా.”

“మేక పరిగెత్తినా నువ్వు పరిగెత్తకూడదు.”

“సరే అన్నా గదరా! తియ్యి తడిక.”

కొడుకు తడిక తీశాడు. బావ ముందుకు నడిచి, నాలుక మడిచి ఒక్క ఈల వేశాడు. దొడ్డిలో ఒక్కసారిగా కదలిక వచ్చింది. గొర్రెలు, మేకలు, నిన్న పుట్టిన పిల్లలతో సహా తోసుకుంటూ, తడిక పక్కకు నెట్టుకుంటూ ఆయన వెనక పడ్డాయి. కొడుకు మోకాళ్ళ దాకా జీవాల మధ్యలో చిక్కుకుపోయి, అటూ ఇటూ చేతులు చాపాడు.

“నాయనా! సగమన్నా గదా!”

“ఆ సగమేదో వాటికి చెప్పు!” అని బావ వెనక్కి తిరగకుండానే అరిచాడు.

కొడుకు ఒకటి రెండు గొర్రెలను పట్టి లాగబోయాడు. అవి విదిలించుకుని పోయాయి. వాడు నవ్వు ఆపుకోలేక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఏదో గుర్తొచ్చి ఇంట్లోకి పరిగెత్తి నీళ్ళ క్యాను తెచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా దుమ్ములో తండ్రి వెనక పరుగు తీశాడు. దొడ్డి దగ్గర నేనూ, చేతిలో కర్రతో ఆ జీతగాడూ మిగిలాం. లోపల ఒక్క గొర్రె కూడా లేదు.